లెక్కలోకి రాని పొగ

2026 జులైలో నాటో శిఖరాగ్ర సదస్సు అంకారాలో. అదే ఏడాది నవంబరులో వాతావరణ సదస్సు కాప్‌-31 అంటాల్యాలో. రెండింటికీ వేదిక తుర్కియేనే. నాలుగు నెలల తేడాతో ఒకే దేశంలో జరిగే ఈ రెండింటిలోనూ నాటో ప్రభుత్వాలు చాలావరకు కూర్చుంటాయి. మొదటి సదస్సుకు ఆయుధాల ఖర్చే ప్రధాన అజెండా. ఆ ఆయుధాలు వదిలే పొగ సంగతి మాత్రం రెండో సదస్సు అజెండాలో ఉండదు. ఈ దాపరికానికి ఇక ముగింపు పలకాలి.

2025 జూన్‌లో హేగ్‌లో నాటో దేశాలు 2035 నాటికి జీడీపీలో 5 శాతాన్ని రక్షణకు పెడతామని మాట ఇచ్చాయి. అంతకు ఏడు నెలల ముందు బాకు వాతావరణ సదస్సులో వర్ధమాన దేశాలకు ఏడాదికి 30 వేల కోట్ల డాలర్లు సమకూర్చడానికి సంపన్న దేశాలు గీచి గీచి బేరమాడాయి. అదీ 2035 నాటికట! పేద దేశాలు అడిగింది 1.3 లక్షల కోట్లు. 2024లో ప్రపంచ దేశాలు సైన్యాలపై పెట్టిన ఖర్చు 2.7 లక్షల కోట్ల డాలర్లని స్టాక్‌హోంలోని శాంతి పరిశోధన సంస్థ సిప్రి లెక్క తేల్చింది. బ్రిటన్ అయితే విదేశీ సాయాన్ని జాతీయాదాయంలో 0.5 శాతం నుంచి 0.3కు కోసి ఆ సొమ్మును రక్షణకు మళ్లించాలని నిర్ణయించింది. డబ్బు లేదన్న మాట అబద్ధమని వాళ్లే రుజువు చేశారు.

ఉక్రెయిన్‌పై రష్యా దాడి తర్వాత ఐరోపా టెన్షన్‌లో న్యాయం ఉంది. ఆయుధం పట్టొద్దని ఎవరూ అనడం లేదు. లెక్క చెప్పమంటున్నాం, అంతే.

1997లో భూమిని వేడెక్కించే వాయువులను తగ్గించడానికి కుదిరిన క్యోటో ఒప్పందం వేళ అమెరికా పట్టుపట్టి సైనిక ఉద్గారాలకు, అంటే సైన్యాలు వదిలే ఈ పొగకు, మినహాయింపులు సాధించింది. 2015 పారిస్ ఒప్పందం తర్వాతా వివరాలు ఇవ్వడం ఇష్టముంటేనే. ప్రపంచ ఉద్గారాల్లో సైన్యాల వాటా దాదాపు 5.5 శాతమని 2022లో పరిశోధకులు వేసింది కూడా అంచనాయే, ఎందుకంటే చాలా దేశాలు పూర్తి లెక్కలు ఇవ్వవు. ఇంకో చిక్కుంది. ఐరాస చార్టర్‌ను అనుసరించి పలు దేశాలు కలిసి చేసే సైనిక చర్యల ఇంధనాన్ని ఏ దేశం ఉద్గారాల మొత్తంలోనూ కలపరు. దేశాల మధ్య రక్షణ సహకారం పెరిగేకొద్దీ ఈ కన్నం పెద్దదవుతుంది. 2030 నాటికి ఉద్గారాలను 45 శాతం తగ్గిస్తామని 2022లో నాటో గొప్పగా ప్రకటించింది. అది ఆ సంస్థ సొంత ఉద్గారాలకే. సభ్య దేశాల సైన్యాలకు వర్తించదు. హేగ్ ప్రకటనలోనైతే వాతావరణం అన్న మాటే లేదు.

మన సంగతీ చూడాలి. వాతావరణ మార్పును భద్రతా ముప్పుగా గుర్తించాలంటూ 2021 డిసెంబరులో నైజర్, ఐర్లండ్ తెచ్చిన తీర్మానాన్ని భద్రతా మండలిలో భారత్ వ్యతిరేకించింది. రష్యా వీటో చేసింది. అయిదు దేశాల చేతిలో వీటో ఉన్న గదిలో కాదు, అన్ని దేశాలూ ఉన్న వాతావరణ సదస్సుల్లోనే తేల్చుకోవాలన్నది ఢిల్లీ వాదన. ఆ వాదన సరైనదే. మరి ఆ సదస్సుల్లో సైన్యాల పొగ గురించి మనం గట్టిగా అడిగిందెప్పుడు?

ఈ ముప్పు ఏమిటో విశాఖకు ఎవరూ చెప్పక్కర్లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తూర్పు నౌకాదళం ఉన్న ఊరినే కొట్టింది. వైమానిక స్థావరం ఐఎన్ఎస్ డేగ దెబ్బతింది, అక్కడి విమానాశ్రయం రోజుల తరబడి మూతపడింది. ఆదుకోవాల్సిన చేతులకే గాయమైంది.

రహస్యాలు బయటపడతాయన్న సాకు చెల్లదు. 2025-26కు రక్షణ బడ్జెట్ 6.81 లక్షల కోట్ల రూపాయలని పార్లమెంటుకే చెప్పాం. ఏడాదికి మొత్తం ఎంత ఇంధనం కాల్చామో చెబితే శత్రువుకు కొత్తగా తెలిసేదేముంది? అంటాల్యాలో భారత్ ముందు తన లెక్క బల్లమీద పెట్టాలి. ఆ తర్వాత నాటో దేశాలను పేరుపేరునా నిలదీయాలి. మండలిలో చెయ్యెత్తి వద్దన్నవారికి ఆ బాధ్యత లేదా?