గోల్డ్ హిల్ రికార్డు పుస్తకం గారికి

మహారాజశ్రీ గోల్డ్ హిల్ మైనింగ్ డిస్ట్రిక్ట్ రికార్డు పుస్తకం గారి దివ్య సముఖమునకు,

నమస్కరించి వ్రాయునది. ఇచ్చట నేను క్షేమంగా లేను. నిన్న భోజనం చేసి, అమెరికాలోని నెవాడాలో కామ్‌స్టాక్ లోడ్ అనే వెండి ఖనిజపు సిర మీద ఒకే ఒక్క పాత క్లెయిమ్ (తవ్వుకోవడానికి ఒకడు తనదని రాయించుకున్న ముక్క) హద్దు మ్యాపులో గీద్దామని కూర్చున్నాను. దీపాలు పెట్టే వేళకి కూడా ఆ గీత ఎక్కడ మొదలవుతుందో తేలలేదు. ఈ పుణ్యం తమరిదే.

తమరి పుట్టుకకు వంక పెట్టను. 1859 జూన్‌లో నెవాడా రాష్ట్రం మాట అటుంచి, దానికి ముందుండే టెరిటరీ పాలనే ఇంకా ఏర్పడలేదు. పట్టా ఇచ్చే ఆఫీసు లేదు, సర్వే లేదు. తవ్వుకునేవాళ్లే మీటింగ్ పెట్టుకుని, రూల్స్ రాసుకుని, ఊరి కమ్మరి హౌస్‌వర్త్‌ని రికార్డరుగా ఎన్నుకున్నారు. కమ్మరి చేతికి కలం ఇచ్చినందుకు నాకేం అభ్యంతరం లేదు. కానీ తమరిని పెట్టింది ఎక్కడండీ? సారా కొట్లో, కౌంటర్ వెనక అరమీద!

అక్కడి నుంచి ఎవడికి కావాలంటే వాడు తమరిని లాక్కునేవాడు. మొన్న రాయించుకున్న హద్దు ఇవాళ నచ్చలేదా? పక్కవాడి గుంటలో మంచి సరుకు పడిందని తెలిసిందా? గీత కాస్త అటు తిప్పి రాసుకునేవాడు. పొలం గట్టు జరిపేవాడికైనా చీకటి పడాలి, పార కావాలి. తమరి దగ్గర పట్టపగలే, చేతిలో గ్లాసు దించకుండా పనైపోయేది. రాసుకునే పని లేనప్పుడు, పొద్దుపోనివాళ్లు తమరితో ఒకరి నెత్తిన ఒకరు బాదుకునేవారని ఆ రోజుల్లోని పత్రికా రచయితే రాసిపెట్టాడు. తమరు ఎవరికైనా సూటిగా తగిలింది ఆ ఒక్క సందర్భంలోనే అనుకుంటాను.

ఇక ఆ రూల్స్! ఖనిజపు సిర వెంబడి మనిషికి 300 అడుగులట. ఆ సిర లోపల ఎటు వాలితే అటు, పక్కవాడి కిందికైనా సరే, వెంటపడొచ్చట. లాయర్లకి ఇంతకంటే పండగ ఏముంటుంది? ఛాలర్, పొటోసి అనే గని కంపెనీలు ఏళ్ల తరబడి కోర్టులో కొట్టుకుని, 1865లో నవ్వుతూ ఒకటైపోయాయి. లంచాల ఆరోపణల మధ్య 1864 ఆగస్టులో టెరిటరీ జడ్జీలు ముగ్గురూ రాజీనామా చేసి పోయారు. ఆ వ్యాజ్యాలతో బాగా సంపాదించిన లాయరు విలియం స్టీవర్ట్ సెనేటరై, 1866లో గనులు తవ్వుకునేవాళ్ల స్థానిక రూల్స్‌కే దేశచట్టం గుర్తింపు ఇప్పించాడు.

ఇక తమరూ లేదు, గిమరూ లేదు. ఒసే పుస్తకమా! కోర్టు ఖర్చులకే కోటి డాలర్ల దాకా పోయాయని అంచనా. ఆ సిర మీద మొదట పార వేసిన ఇద్దరిలో ఒకడు, మెక్‌లాఫ్లిన్, తన వాటా 3,500 డాలర్లకి అమ్ముకుని, పేదవాడిగానే పోయాడు. లాయర్ల ఫీజు ముందు అదెంత? నీకు కావలసిందల్లా ఒక సొరుగు, దానికో తాళం. ఊళ్లో కమ్మరి ఉన్నాడు, వాడే నీ రికార్డరు, ఒక గొళ్లెం వెయ్యలేకపోయాడా?

పోనీ, ఆ కొట్టువాడైనా నిన్నో విస్కీ సీసా అనుకుంటే సరిపోయేది. డబ్బు కట్టకుండా దాన్ని ఎవణ్ణీ ముట్టుకోనిచ్చేవాడు కాదు.

ఇంతే సంగతులు, చిత్తగించవలెను.