సవరణ: చాంట్ ఓడలు మోసింది పొడి సరుకు కాదు

మొన్న కళింగపట్నం బీచ్‌లో కూర్చుని రాసిన పోస్టులో, 1944లో బ్రిటన్ కట్టిన చాంట్ రకం చిన్న ఓడలు తీరం వెంబడి పొడి సరుకు (అంటే ద్రవం కాని మామూలు సరుకు) మోసేవని రాసేశాను. తప్పు నాదే. చాంట్ అంటేనే ఛానల్ ట్యాంకర్, రెండో ప్రపంచ యుద్ధంలో ఇంగ్లిష్ ఛానల్ అవతల ఫ్రాన్స్ తీరంలోని నార్మండీలో దిగిన మిత్రదేశాల సైన్యానికి ఇంధనం అందించడానికి కట్టినవి. సరుకు మోసినవి దాదాపు అదే డిజైన్‌తో వచ్చిన ఎంపైర్ ఎఫ్ ఓడలు, ఎంపైర్ ఫ్యాబ్రిక్ లాంటివి. ఈ ఓడలకు వంపు ప్లేట్లు (వంచిన ఉక్కు రేకులు) లేవని అదే పోస్టులో రాసిన మాట మాత్రం నిజమే, ఓడలు కట్టిన అనుభవం లేని వర్క్‌షాపులు కూడా భాగాలు చేసి పంపగలిగేలా అన్నీ చదును ప్లేట్లే పెట్టారు, మా శ్రీకాకుళంలో ట్రాక్టర్ తొట్టి వెల్డింగ్ చేసినట్టు (మరీ అంత సులువు కాదులెండి). పాత పోస్టులో ఆ వాక్యం మార్చాను. తప్పు పట్టిచ్చిన సోంపేట బావకు థాంక్స్.