ఒపీనియో జూరిస్ గారికి ఓ ఎల్‌ఎల్‌ఎం విద్యార్థి విన్నపం

అయ్యా ఒపీనియో జూరిస్ గారూ,

నమస్కారం. నేను అంతర్జాతీయ చట్టంలో ఎల్‌ఎల్‌ఎం చేస్తున్నాను. నా డిసర్టేషన్ మీ మీదే, అంటే 'ఇది చట్టం కాబట్టే పాటిస్తున్నాం' అని దేశాలకుండే నమ్మకం మీద. ఆరు నెలలుగా మీకోసం వెతుకుతున్నాను. మీరు దేశాల మనసులో ఉంటారన్నారు. దేశాలకు మనసు ఎక్కడుంటుందో మాత్రం ఎవరూ చెప్పలేదు.

డిగ్రీలో మీతో పేచీ లేదు. అంతర్జాతీయ న్యాయస్థానం స్టాట్యూట్‌లో, ఏది అంతర్జాతీయ చట్టమో చెప్పే 38వ ఆర్టికల్ బట్టీ పట్టి మార్కులు తెచ్చుకున్నాను. అసలు చిక్కు పీజీలో మొదలైంది. దేశాలన్నీ ఒక పని చేస్తే చాలదట, ఇది చట్టమన్న నమ్మకంతో చేయాలట. ఆ నమ్మకం ఉంటేనే ఆచారం చట్టమవుతుందట. మరి మొట్టమొదట చేసిన దేశం, ఇంకా పుట్టని చట్టాన్ని ఉందని నమ్మిందా? గైడ్‌ని అడిగితే "మంచి ప్రశ్న, మూడో అధ్యాయంలో రాయండి" అన్నారు. మూడో అధ్యాయంలో ఇప్పటికి ఆ ప్రశ్న ఒక్కటే ఉంది.

మౌనం అర్ధాంగీకారం అంటారు. మీ దగ్గర ఆ సగం కూడా దక్కదు. 1926లో ఫ్రెంచి ఓడ లోటస్ గుద్దుకుని టర్కీ ఓడ మునిగి ఎనిమిది మంది చనిపోయారు. ఫ్రెంచి అధికారిని టర్కీ విచారించింది. "ఇలాంటి కేసుల్లో మిగతా దేశాలు విచారించకుండా ఊరుకుంటున్నాయి కదా" అని ఫ్రాన్స్ వాదించింది. ఊరుకుంటే సరిపోదు, ఊరుకోవడం తమ బాధ్యత అనుకుని ఊరుకోవాలి అని 1927లో అప్పటి అంతర్జాతీయ కోర్టు తేల్చింది. అది కూడా జడ్జీలు ఆరుగురు ఇటు, ఆరుగురు అటు చీలిపోతే, అధ్యక్షుడి అదనపు ఓటుతో!

సముద్రగర్భం పంపకం మీద వచ్చిన 1969 నార్త్ సీ కేసులో మర్యాదకో, సౌకర్యానికో, అలవాటుకో చేసేవాటిని లెక్కలోంచి తీసేశారు. 2018లో ఐక్యరాజ్యసమితి వారి ఇంటర్నేషనల్ లా కమిషన్ మిమ్మల్ని దౌత్య లేఖల్లో వెతకమంది. వెతికాను. 'మా అత్యున్నత గౌరవాన్ని మరోసారి తెలియజేస్తున్నాం' అన్న మాట దొరికినంత తేలిగ్గా మీరు దొరకలేదు.

చివరికి అమెరికా మీద నికరాగువా వేసిన కేసులో, 1986 తీర్పులో దొరికారు. నియమాన్ని మీరిన దేశం ఏదో మినహాయింపు చూపించి సమర్థించుకుంటే, ఆ నియమం బలపడినట్టేనట. బుద్ధిగా పాటించినవాళ్లు మీరున్నారని రుజువు చేయలేక చస్తుంటే, సాకులు చెప్పేవాళ్లకు దర్శనమిస్తారా స్వామీ?

సరే, నేనూ ఆ దారే పట్టాను. డిసర్టేషన్ గడువు రెండుసార్లు దాటాను, రెండుసార్లూ సాకు చెప్పాను. ఆ లెక్కన గడువు మీద నాకు ఎంత గౌరవముందో మా గైడ్‌కి కాస్త మీరే చెప్పిపెట్టండి.

ఇట్లు,
మూడో అధ్యాయంలో ఇరుక్కున్న
మీ విధేయుడు