అచ్చులో ఇరుక్కున్న అచ్చులు

ఇంగ్లిష్ అచ్చుల ఆఫీసులో పర్మనెంట్ సిబ్బంది ఐదుగురే: ఏ, ఈ, ఐ, ఓ, యూ. లండన్ పెద్దమనుషుల నోట్లో అచ్చు ధ్వనులేమో ఇరవై దాకా ఉన్నాయి. అంటే తలా నాలుగు సీట్లు. ఇంత పని నెత్తినేసి, పైగా వాళ్లకు నిలకడ లేదనడం అన్యాయమని ఈ విచారణ సంఘం (అంటే నేనొక్కణ్ణే) భావిస్తోంది.

జంట ఓలను చూడండి. 'ఫూడ్'లో దీర్ఘం, 'గుడ్'లో హ్రస్వం, 'బ్లడ్'లో ఏకంగా అకారం. మనం 'ఫుడ్డు' అని దాన్ని కురచ చేసి కొంత క్రమశిక్షణ తెచ్చాం. ఇంగ్లండు ఇంతవరకూ కృతజ్ఞతలు చెప్పలేదు.

గొడవంతా బదిలీలతో మొదలైంది. సుమారు 1400 నుంచి 1700 దాకా అక్కడి దీర్ఘాచ్చులు నోట్లో ఒక్కో మెట్టు పైకి జరిగాయి. పై మెట్టు మీదున్నవాటికి ఇక చోటు లేక రెండుగా చీలాయి. 'హూస్' అన్న ఇల్లు 'హౌస్' అయింది. ఈ బదిలీలు సగంలో ఉండగానే, 1476లో, విలియం కాక్స్‌టన్ లండన్ పక్కనున్న వెస్ట్‌మినిస్టర్‌లో ఇంగ్లండు తొలి అచ్చుయంత్రం పెట్టాడు. హాజరుపట్టీ, అంటే స్పెల్లింగు, అచ్చయిపోయింది. సిబ్బంది ఇంకా దారిలోనే ఉన్నారు.

'నేమ్' చివరి ఈ గారిది ప్రత్యేకమైన కేసు. పూర్వం ఆ మాటను 'నామ' అన్నట్టు పలికేవారు, ఆయనకూ పనుండేది. రిటైరయ్యాడు, కుర్చీ మాత్రం వదల్లేదు. నోరు విప్పడు. అయినా ఆయన వచ్చి చివర కూర్చుంటే 'మ్యాడ్' కాస్తా 'మేడ్' అవుతుంది. వరండాలో తాతగారు ఉన్నారంటే ఇంట్లో గొంతులు మారవూ, అలాగ. 'గివ్', 'హ్యావ్' లాంటి మొండిఘటాలు మాత్రం ఆయన్ని లెక్కచేయవు.

పూడ్చిపెట్టడాన్ని యూతో రాసి 'బెరీ' అంటారు. రాత ఇంగ్లండు పడమటి సీమలది, పలుకుబడి ఆగ్నేయ మూలనున్న కెంట్ వాళ్లది. మనవాడు ఇంటర్వ్యూలో 'బరీ' అంటే బల్ల అవతల చిరునవ్వులు. రాసింది రాసినట్టు నమ్మడం కూడా నేరమే కాబోలు.

సరిచేద్దామన్నవాళ్లు లేకపోలేదు. 1906లో అమెరికా అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ మూడు వందల మాటల స్పెల్లింగు మార్చమని ప్రభుత్వ ముద్రణాలయాన్ని ఆదేశించాడు. పనామా కాలువ తవ్వకానికి పూనుకున్నవాడు, ఆ ఏడాది దాటకముందే స్పెల్లింగు దగ్గర వెనక్కి తగ్గాడు.

కాబట్టి సంఘం సిఫార్సు ఒక్కటే. మన వర్ణమాలలో ఌ, ౡ అని ఇద్దరున్నారు. తరతరాలుగా సంతకం పెట్టి కూర్చోవడం తప్ప వేరే పనిలేదు. డెప్యుటేషన్ మీద లండన్ పంపుదాం. టీఏ, డీఏ వాళ్లే ఇచ్చుకోవాలి.