పేదరికానికి కిలోమీటర్ల వైద్యం

పేదరిక నిర్మూలనలో విశాఖపట్నం కనిపెట్టిన పద్ధతి ఆర్థికవేత్తల దృష్టికి ఇంకా రాకపోవడం విచారకరం. 2011 జనాభా లెక్కల్లో, పది లక్షలు దాటిన నగరాలన్నిటిలోకీ మురికివాడల కుటుంబాల వాటా ఎక్కువగా ఉన్నది గ్రేటర్ విశాఖలోనే: 44.1 శాతం. ముంబయి సైతం మన వెనకే నిలిచింది. అంతటి ఘనత గల ఊరు విరుగుడు కనిపెట్టకుండా ఉంటుందా?

పేదవాడి ఆదాయం పెంచడం ఏళ్లు పట్టే పని, అతణ్ణి దూరం జరపడం ఒక లారీతో తీరే పని. పట్టణంలో రోజుకు 32 రూపాయలు ఖర్చుపెట్టగలిగేవాడు పేదవాడు కాడని 2011లో ప్రణాళికా సంఘం సుప్రీంకోర్టుకు విన్నవించినప్పుడు దేశమంతా ఆ అంకె మీద మండిపడిందే గాని, కొలవాల్సింది రూపాయల్లో కాదు, కిలోమీటర్లలో అని ఎవరికీ తట్టలేదు. బీచ్ రోడ్డు మీంచి కనబడితే అది పేదరికం. ఊరి శివార్లలోని మధురవాడ, కొమ్మాది వైపు చేరాక అదే గృహనిర్మాణ పథకం.

కొండవాలు రేకుల ఇంటి కంటే పథకం ఇల్లు మెరుగైనదే. వానాకాలం కొండచరియ మీద పడుతుందన్న భయం ఉండదు. అయితే లబ్ధిదారులకు పని కూడా కావాలట. నడిచి వెళ్లి పొద్దున్నే నాలుగిళ్లలో అంట్లు తోమిన మనిషి, ఇప్పుడు రెండు బస్సులు మారి రెండిళ్లు చేసుకుంటోంది. చేపలమ్మే ఆమె సంగతి మరీ ఇబ్బంది: హార్బరులో చేపల వేలంపాట తెల్లవారకముందే మొదలవుతుంది, చేప బస్సు కోసం ఆగదు. 2025 ఆగస్టు నుంచి ఆడవాళ్లకు బస్సు ఉచితమైంది, నిజమే; టిక్కెట్టు డబ్బులు మిగిలాయి, పూట మిగలలేదు. చివరికి కొందరు ఆ ఇల్లు అద్దెకిచ్చి, హార్బరు పక్కనే ఇరుకు గదిలోకి వచ్చేస్తారు. అప్పుడు వాళ్లను పథకాన్ని దుర్వినియోగం చేసినవాళ్లని అంటాం.

దూరం జరపడానికి వ్యవధి లేనప్పుడు గుడ్డ చాలు. 2023 మార్చిలో జి-20 మౌలిక వసతుల కార్యవర్గం ఇక్కడ సమావేశమైనప్పుడు పేదల ఇళ్లకు అడ్డంగా ఆకుపచ్చ తెరలు కట్టారని వార్తలొచ్చాయి. ఆ ఏడాది కార్యవర్గం ప్రధానాంశం, అందరినీ కలుపుకుపోయే రేపటి నగరాలకు నిధులు.

కాబట్టి ఈ వ్యాసకర్త సవినయంగా ప్రతిపాదించేదేమంటే, తర్వాతి విడత ఇళ్లను భోగాపురం అవతల కట్టాలి. అప్పుడు ఆ పేదలంతా విజయనగరం జిల్లా లెక్కలో పడతారు, విశాఖ ఒక్క సంతకంతో పేదరికం నుంచి బయటపడుతుంది. కలిగినవాళ్లుండే లాసన్స్‌బే కాలనీలో అంట్లెవరు తోముతారన్న చిక్కు ఒక్కటే మిగిలింది. దాని పరిశీలనకు ఉపసంఘం వేయవచ్చు.