సవరణ: అండమాన్ సముద్రం తూర్పున, పడమర కాదు

గత వారం అండమాన్ సముద్రం గురించి రాస్తూ, అది అండమాన్, నికోబార్ దీవులకు పడమర ఉందన్నాను. అది తప్పు. తిరుపతిలో మా వీధిలో ఉండే విశ్రాంత భూగోళం మాస్టారు పొద్దున్నే అట్లాసు పట్టుకుని ఇంటికి వచ్చారు. దీవుల వరుస మీద వేలు పెట్టి, "ఎడమ పక్కన బంగాళాఖాతం. కుడి పక్కన, మయన్మార్, థాయిలాండ్ తీరాల వరకు ఉన్నదే నువ్వు రాసిన సముద్రం" అన్నారు. బ్యారెన్, నార్కొండం దీవులు రెండూ ఆ తూర్పు వైపునే ఉన్నాయి.

బ్యారెన్ అగ్నిపర్వతం 1991లో మొదటిసారి బద్దలైందని కూడా రాశాను. 1787లోనే నావికులు దాని విస్ఫోటాన్ని చూసి నమోదు చేశారు. 1991లో జరిగింది దీర్ఘ విరామం తర్వాత మళ్లీ మేల్కోవడం.

నన్ను ఎక్కువగా బాధించిన పొరపాటు నార్కొండం హార్న్‌బిల్ అనే పక్షి గురించినది. అండమాన్ అంతటా కనిపిస్తుందన్నాను. నిజానికి ఆ పక్షికి ప్రపంచంలో ఉన్న ఇల్లు నార్కొండం దీవి ఒక్కటే, సుమారు 7 చదరపు కిలోమీటర్లు. ఆడపక్షి చెట్టు తొర్రలో చేరి, సన్నని చీలిక మాత్రం వదిలి ద్వారం మూసేసుకుంటుంది. మగపక్షి ఆ చీలికలోంచే పండ్లు అందిస్తుంది. అందుకే అక్కడ పెద్ద చెట్టు ఒక్కటి కూలినా ఒక కాపురం పోయినట్టే. అంతటా ఉందని రాస్తే ఆ ప్రమాదం ఎవరికీ తెలియకుండా పోతుంది.

పాత టపాలో ఈ మూడు చోట్లా దిద్దాను. మాస్టారికి నమస్కారాలు.