మోన్‌సెగ్యూర్ కొండెక్కి నిధి గురించి మాట్లాడేవాళ్ళకు

మొన్న శనివారం మోన్‌సెగ్యూర్ వెళ్ళొచ్చాను. ఇంకా మనసు కుదుటపడలేదు. పోస్ట్ పెద్దదే, ఓపిక ఉంటే చదవండి.

టులూజ్‌లో ఉండే మన తెలుగువాళ్ళు చాలామంది ఈ పేరు వినే ఉంటారు. దక్షిణ ఫ్రాన్స్‌లో, పిరెనీస్ పర్వతాల అంచున, 1,200 మీటర్ల ఎత్తున్న బండకొండ. నెత్తిన పైకప్పు లేని కోట. కాళ్ళు వణికేంత నిలువుదారి. మాతో వచ్చిన గైడ్ ఆ దారి పొడవునా చెప్పింది ఒక్కటే: నిధి. ఏసుక్రీస్తు చివరి విందులో వాడిన పాత్రను ఇక్కడే దాచారట. పైకి వెళ్ళాక, జూన్‌లో సూర్యోదయం వేళ గోడల సందుల్లోంచి వెలుగు ఎలా దూసుకొస్తుందో చూపించి, ఇది కాథార్‌లు కట్టుకున్న సూర్యాలయం అన్నాడు. అందరూ ఫొటోలు తీసుకున్నారు. నాకు కడుపు మండిపోయింది.

ఎందుకంటే ఇప్పుడు నిలబడి ఉన్న ఆ గోడలు కాథార్‌లవి కావు. వాళ్ళు పోయాక ఈ నేల దక్కించుకున్న లెవీ వంశం కట్టుకున్న కోట అది. కాథార్‌ల ఇళ్ళ ఆనవాళ్ళు చూడాలంటే గోడ బయటికి రావాలి. కొండ వాలును చెక్కి మెట్లుమెట్లుగా కట్టుకున్న చిన్న చిన్న ఇళ్ళ పునాదులు గడ్డిలో కనిపిస్తాయి. వాటి దగ్గర మా గైడ్ ఒక్క నిమిషం కూడా ఆగలేదు.

ఇంతకీ ఎవరీ కాథార్‌లు? క్రైస్తవులే. ఈ లోకాన్ని సృష్టించింది మంచి దేవుడు కాదని నమ్మారు. రోమ్ చర్చిని ఒప్పుకోలేదు. దీక్ష తీసుకున్నవాళ్ళు మాంసం, గుడ్లు, పాలు ముట్టరు. అబద్ధం ఆడరు, ఒట్టు వేయరు, ప్రాణం తీయరు. ఆడవాళ్ళు కూడా దీక్ష తీసుకోవచ్చు. జనం వాళ్ళను 'మంచి మనుషులు' అని పిలిచేవాళ్ళు. వీళ్ళను అణచడానికే పోప్ మూడో ఇన్నోసెంట్ 1209లో సాటి క్రైస్తవుల దేశం మీదికే క్రూసేడ్, అంటే మతయుద్ధం, పంపాడు. ఆ తర్వాత ఇంక్విజిషన్, అంటే చర్చిని కాదన్నవాళ్ళను విచారించి శిక్షించే చర్చి కోర్టు, వచ్చింది. పారిపోయి వచ్చినవాళ్ళకు మిగిలిన ఆశ్రయాల్లో ముఖ్యమైనది, రేమోన్ ద పెరేయ్ అనే ప్రభువు చేతిలో ఉన్న ఈ కొండ.

ఒక నిజం దాచకూడదు. 1242 మేలో ఈ కోట సైనికులు అవిన్యోనే అనే ఊరికి వెళ్ళి, రాత్రిపూట ఇద్దరు ఇంక్విజిటర్లనూ (ఆ కోర్టు విచారణాధికారులనూ) వాళ్ళ వెంట ఉన్నవాళ్ళనూ నరికి చంపారు. అది హత్యే. మరుసటి ఏడాది మేలో ఫ్రాన్స్ రాజు సైన్యం వచ్చి కొండను చుట్టుముట్టింది. పది నెలల తర్వాత, 1244 మార్చి మొదట్లో కోట లొంగిపోయింది. షరతులు వినండి. సైనికులకు క్షమాభిక్ష, అవిన్యోనే హత్యలతో సహా. కాథార్‌లలో విశ్వాసం వదులుకున్నవాళ్ళకు ప్రాణభిక్ష, వదులుకోనివాళ్ళకు మంట. అంటే మనుషుల్ని నరికినవాళ్ళు నడిచి వెళ్ళిపోవచ్చు. ప్రాణం తీయనని దీక్ష పట్టినవాళ్ళు మాత్రం కాలిపోవాలి. ఎనిమిది వందల ఏళ్ళ నాటి సంగతే, అయినా నాకు ఇప్పటికీ మింగుడు పడటం లేదు.

గడువు పదిహేను రోజులు. ఆ పదిహేను రోజుల్లో ఏం జరిగిందో మనకు తెలుసు, ఎందుకంటే బతికి బయటపడినవాళ్ళను ఇంక్విజిటర్లు కూర్చోబెట్టి ప్రశ్నలు వేశారు, జవాబులు రాసుకున్నారు. దీక్షలో ఉన్నవాళ్ళు తమ దగ్గరున్నవి పంచిపెట్టారు. వాళ్ళ బిషప్ బెర్ట్రాన్ మార్తీ సైనికుల నాయకుడికి నూనె, ఉప్పు, మిరియాలు, మైనం ఇచ్చాడు. మార్కేసియా అనే వృద్ధురాలు తనకున్నదంతా మనవరాలు ఫిలిపాకు ఇచ్చేసింది. తప్పించుకోవడానికి దారి ఉన్నవాళ్ళు కూడా, సైనికులతో సహా సుమారు ఇరవై మంది, ఆ చివరి రోజుల్లోనే కొత్తగా దీక్ష తీసుకున్నారు. తీసుకుంటే మంటే అని తెలిసి తీసుకున్నారు. వాళ్ళలో మార్కేసియా కూతురు కోర్బా ఒకరు. కోర్బా అంటే కోట ప్రభువు రేమోన్ భార్య. మరొకరు వాళ్ళ కూతురు ఎస్‌క్లార్‌మోండ్.

మార్చి 16న రెండు వందల మందికి పైగా కొండ దిగారు. కింద గుంజలతో కట్టిన దడిలో అందరినీ ఒకేసారి కాల్చేశారు. అమ్మమ్మ, అమ్మ, కూతురు. ఒక ఇంట్లో మూడు తరాలు.

రేమోన్ బతికాడు. కొద్ది వారాల్లోనే ఇంక్విజిటర్ ముందు కూర్చుని, ఎవరు ఎప్పుడు దీక్ష తీసుకున్నారో, ఎవరు ఎవరికి మొక్కారో జవాబులు చెప్పాడు. ఫిలిపా కూడా చెప్పింది. భార్యను, కూతుర్ని, అత్తగారిని కాల్చినవాళ్ళకే సమాధానం చెప్పుకోవాల్సి వచ్చిన ఆ మనిషి గొంతు ఎలా ఉండి ఉంటుందో అనుకుంటూ కొండ దిగాను.

ఇక నిధి సంగతి. ఆ సాక్ష్యాల్లోనే ఉంది. ముట్టడి నడుస్తుండగా ఇద్దరు మనుషులు బంగారం, వెండి, డబ్బు బయటికి చేరవేశారు. ఒక చర్చి తన ఖజానాను కాపాడుకుంది, అంతే. పాత్ర ఊసే లేదు. ఆ కథ ఎన్నో వందల ఏళ్ళ తర్వాత తగిలించింది. 1930లలో దాన్ని బాగా ప్రచారం చేసిన జర్మన్ రచయిత తర్వాత నాజీల ఎస్‌ఎస్ అనే దళంలో చేరాడు. ఇలాంటి కథలు ఎవరి చేతుల్లోకి వెళ్తాయో చూడండి.

మన దగ్గరా ఇదే పాట కదా. ఏ పాత కోటకు వెళ్ళినా గుప్తనిధి మాటే ముందు వస్తుంది. రాత్రికి రాత్రి గుళ్ళూ బురుజులూ తవ్విపోస్తారు. అక్కడ ఎవరు బతికారు, ఎవరు చచ్చారు అని అడిగేవాళ్ళు ఎంతమంది?

వెళ్ళేవాళ్ళకు నేను చెప్పేది ఇదీ. ముందు కింద ఊళ్ళో ఉన్న చిన్న మ్యూజియానికి వెళ్ళండి. తర్వాత కోట, ఆ తర్వాత గోడ బయట ఉన్న పునాదులు. తిరిగి వచ్చేటప్పుడు 'కాలినవాళ్ళ పచ్చిక' అని పిలిచే మైదానం దగ్గర ఆగండి. 1960లో నిలబెట్టిన ఒక రాయి ఉంటుంది. స్వచ్ఛమైన క్రైస్తవ ప్రేమకు బలైన కాథార్‌లకు అని అక్కడి ఆక్సిటన్ భాషలో రాసి, కింద తేదీ వేశారు. పేర్లు లేవు. కాలిపోయినవాళ్ళలో కొన్ని డజన్ల మంది పేర్లు మనకు తెలుసు, అవి ఆ రాయి పక్కన ఎందుకు ఉండవు? మా గైడ్ బస్సు ఎక్కమని తొందరపెడుతుంటే అక్కడే నిలబడి, నాకు గుర్తున్న నాలుగు పేర్లు పైకి చదివాను. బెర్ట్రాన్ మార్తీ, మార్కేసియా, కోర్బా, ఎస్‌క్లార్‌మోండ్.